తూటాలు అతని జేబులో

1969 ఆగస్టు 12

కాలు విరిగింది. మోకాలికీ మడమకీ మధ్య. లీలండ్ రెండు కర్ర బద్దలు పెట్టి, తన చొక్కా చించి కట్టు కట్టాడు. ఆ చొక్కా కిందటి క్రిస్మస్‌కి నేను కొన్నది. చింపేటప్పుడు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

రాయడానికి చెయ్యి బాగానే ఉంది కాబట్టి రాస్తున్నాను. కనుమ మీద పొగమంచు మూసుకొచ్చింది. ఏటి మధ్య గులకరాళ్ల మేట మీద దిగి, తెరిపి ఇచ్చాక పోదామన్నాడు. ఎగువ చివర నేల గట్టిగా ఉంటుంది, అక్కడ దించమని చెప్పాను. దిగువనే దించాడు. చక్రం మెత్తటి ఇసుకలో దిగబడింది. విమానం ముక్కు నేలకి గుద్దుకుని, ఎడమ రెక్క విరిగి, పక్కకి ఒరిగి ఆగిపోయింది. రేడియోలో గురగుర తప్ప ఏమీ లేదు. రెండు కొండల మధ్య నుంచి ఎవరికి వినపడుతుంది?

ఈ విమానం మా నాన్నది. పదహారో ఏటికే దీన్ని ఎగరేశాను. అప్పుడు లీ ఇంకా నా మొగుడు కాదు, మా రేవులో చేపల పెట్టెలు మోసేవాడు. ఇప్పుడు విమానం ముక్కు మీద వంకరపోయిన పంఖా చూసి, "నా చేత్తోనే పాడుచేశాను మార్నీ" అన్నాడు. ఓదార్చమనా? నేను ఓదార్చలేదు.

ఆగస్టు 13

లీ వెళ్లాడు.

ఏమైనా సరే విమానాన్ని ఒంటరిగా వదలకూడదు. వెతికేవాళ్లకి రెక్క కనపడుతుంది గానీ మనిషి కనపడడు. కాలు విరిగింది నాది కాబట్టి ఎవరు ఉండాలో వాదించుకునే పని లేకపోయింది. అతను కనుమ దాటి సముద్రపు వైపు దిగితే చేపల కర్మాగారం వస్తుంది. అక్కడ మంచి రేడియో ఉంది.

వెళ్లే ముందు నానా హైరానా పడ్డాడు. కొండ అవతలి ఊళ్లో అగాఫియా అవ్వ పొగబెట్టి ఇచ్చిన సాల్మన్ చేపల పెట్టెలన్నీ తీసుకెళ్లి ఏట్లో పారబోశాడు. వేసవంతా ఆ ముసలామె కోసి, ఉప్పుపెట్టి, పొగలో కూర్చుని చేసిన చేపలు. వాసనకి ఎలుగుబంట్లు వస్తాయట. నాకు తెలియదా? ఒక్క ముక్కయినా ఉంచమన్నాను. ఉంచలేదు. గట్టి బిస్కెట్లు, టీ, చక్కెర మాత్రం వదిలాడు. తర్వాత విమానం చుట్టూ కలరా ఉండలు చల్లాడు. ఊళ్లో విమానం ఆపినప్పుడు రెక్కల గుడ్డని ఎలుగులు కొరక్కుండా అందరూ చల్లేవే. ఇప్పుడు ఇక్కడంతా పాత బట్టల పెట్టె వాసన.

చివరికి సీటు వెనక నుంచి తుపాకీ తీసి నా ఒళ్లో పెట్టాడు.

జనం లేని ఈ ఉత్తరపు దేశంలో తుపాకీ, తూటాలు లేకుండా విమానం లేపడం చట్టం ఒప్పదు. గొడ్డలి, అగ్గిపెట్టె, తిండి, తుపాకీ. వాటి గురించి ఎవరూ ఆలోచించరు, ఒంటిమీద చొక్కా ఉన్నట్టు అవీ ఉంటాయి. కానీ ఒక తుపాకీకి ఇద్దరు మనుషులైనప్పుడు ఆలోచించాలి. పొదల్లో పడి నడిచేది అతను. ఏటి పొడుగునా చేపలు, చేపల వెంట ఎలుగులు. నీకే కావాలి, తీసుకుపో అని చెప్పాను.

"నీ దగ్గరే ఉండనీ. నేను పాడుకుంటూ పోతాలే" అన్నాడు. "నా పాట వింటే ఎలుగులే సర్దుకుని పక్క లోయకి పోతాయి."

అది నిజమే. చర్చిలో కూడా అతన్ని చివరి బెంచీలో కూర్చోబెడతారు.

తుపాకీ నాకే ఇచ్చాడు. మూర్ఖుడు. మంచి మూర్ఖుడు. పొదలు దాటి చాలాసేపటి దాకా అతని పాట వినపడింది.

ఆగస్టు 14

వాన. కాలు వాచింది. నొప్పి మాత్రలు అయిపోయాయి. అతను కనుమ ఎక్కి ఉంటాడు.

నీల్స్ గురించి ఇక్కడ రాయను.

ఆగస్టు 15

వాన ఆగలేదు. విమానాలు రావు.

పొద్దున నిద్ర లేచేసరికి నొప్పి లేదు. కాసేపు ఎక్కడున్నానో తెలియలేదు. ఇంట్లో ఉన్నాననీ, నీల్స్ కింద పొయ్యి వెలిగిస్తున్నాడనీ అనుకున్నాను. తర్వాత వాన చప్పుడు వినపడింది. తర్వాత నొప్పి వచ్చింది. తర్వాత అన్నీ గుర్తొచ్చాయి. కిందటి అక్టోబరులో మా పిల్లాడి పడవ తిరగబడడం, వాడి బూట్లలో ఒకటే ఒడ్డుకి కొట్టుకు రావడం. రాయనన్నాను. రాశాను.

మధ్యాహ్నం తుపాకీ తీసి చూశాను. ఎలుగు వస్తే సిద్ధంగా ఉండాలి కదా. ముందు చూసుకోకుండా వచ్చాక చూస్తే ఏం లాభం?

ఖాళీ.

సంచులన్నీ బోర్లించాను. సీటు కింద, తివాచీ కింద, వెనక గూట్లో. ఎక్కడా లేవు. ఎలా ఉంటాయి? మా ఇంటి అలవాటే అది. తుపాకీ సీటు వెనక, తూటాలు ఎవరు నడిపితే వాళ్ల కోటు జేబులో. తాగొచ్చే వేటగాళ్లు, చెయ్యి ఊరుకోని పిల్లలు ఎక్కే విమానం కాబట్టి మా నాన్న పెట్టిన పద్ధతి. ఆ రోజు నడిపింది లీ. కోటు లీ ఒంటిమీదే కనుమ దాటింది.

వుత్త ఇనుము నా ఒళ్లో పెట్టి, ఎంతో త్యాగం చేసినట్టు మొహం పెట్టి, పాడుకుంటూ పోయాడు.

సాయంత్రం

మరిచిపోయాడా?

ఇరవై రెండేళ్లుగా విమానం నడుపుతున్నవాడు మరిచిపోతాడా? నడుస్తుంటే జేబులో అవి గలగలమంటాయి. ఒక మైలు కూడా పోకముందే తెలిసి ఉండాలి. తెలిశాక వెనక్కి తిరగాలి. తిరగలేదు.

ఆగస్టు 16

తెరిపిచ్చింది. ఒక విమానం చాలా పైన, చాలా దూరంగా పోయింది. ఎండకి మెరిసేలా అద్దం ఆడించాను. ఆగలేదు.

నిన్నటి నుంచి ఒకటే ఆలోచిస్తున్నాను. ఫిబ్రవరిలో కూడా అంతే. నేను మంచం దిగని రోజుల్లో, గోడ మీది తుపాకులన్నీ దించి పొరుగున విమానం నడిపే ఎర్లింగ్ ఇంటికి చేర్చాడు. అడిగితే, పైకప్పు కారుతోంది, తుప్పు పడతాయి అన్నాడు. మా కప్పు ఎప్పుడూ కారలేదు. మందుల సీసాలు కూడా అతనే దాచి, రోజూ ఒక్కో మాత్ర చేతిలో పెట్టేవాడు, పసిపిల్లకి పెట్టినట్టు. ఏప్రిల్‌లో నేను మళ్లీ విమానం ఎక్కినప్పటి నుంచి ఏదో వంక పెట్టుకుని వెంట వస్తున్నాడు. చేపలు దించాలి, నీకు నడుం పట్టేసింది ఒక్కదానివే మొయ్యలేవు, అగాఫియా అవ్వని చూసి చాలా రోజులైంది. ఇప్పుడు నడిపేది కూడా అతనే. నేను పక్క సీట్లో దుప్పటి కప్పుకుని కూర్చునే సామాను.

నా మీద అతనికి నమ్మకం లేదు. ఎలుగుకి అప్పజెప్పడానికి మాత్రం అభ్యంతరం లేదు.

నేనేం చేస్తానని? నేనేమీ చెయ్యను. ఎలుగు కోసమే చూశాను.

ఆగస్టు 17

వచ్చింది.

పట్టపగలు, ఎండలో, ఎవరి పెరట్లోనో తిరిగినట్టు వచ్చింది. పెద్ద ఆడది, గోధుమరంగు. కలరా ఉండల దగ్గర ఆగి, తుమ్మింది. నాకు నవ్వొచ్చింది, నిజంగానే. తర్వాత వాటిని తొక్కుకుంటూ దాటేసి, విరిగిన రెక్క దగ్గరికి వచ్చి గుడ్డని ఒక పంజాతో చీల్చింది. కాగితం చించినట్టే చిరిగింది. ఆ చిరుగుకీ నాకూ మధ్య ఒక సీటు ఉంది.

తుపాకీ ఎత్తి గురిపెట్టాను. ఎందుకు పెట్టానో తెలియదు. అలవాటు. దానికి ఖాళీ అని తెలియదు కదా.

టీ గిన్నె తీసి తలుపు మీద బాదాను. అరిచాను. రేవులో జాలరులు తిట్టుకునే తిట్లన్నీ తిట్టాను. లీని తిట్టాను, దేవుణ్ణి తిట్టాను, నీల్స్‌ని మింగిన సముద్రాన్ని తిట్టాను. "నేనింకా ఉన్నాను, పో ఇక్కణ్ణుంచి" అని గొంతు పోయేదాకా అరిచాను. అది నన్ను ఒకసారి చూసింది. విసుగొచ్చినట్టు తిరిగి ఏట్లోకి దిగి, ఒక చేపని పట్టుకుని అవతలి ఒడ్డున తింటూ కూర్చుంది.

టీ గిన్నె అడుగు సొట్టపడింది.

బతకాలని అంత గట్టిగా అరిచింది నేనేనా అని కూర్చుని ఆలోచిస్తున్నాను. రెండు రోజుల క్రితం ఉన్న మనిషికి ఆ గొంతు ఎక్కడుంది?

ఆగస్టు 18

ఎర్లింగ్ తన చిన్న విమానంలో దిగాడు, ఎగువ చివర, నేను చెప్పిన గట్టి నేల మీద. లీ తలుపు తీసుకుని ముందే దూకాడు. గడ్డం పెరిగి, కళ్లు గుంటలు పడి, ఒక బూటుకి తాడు చుట్టుకుని ఉన్నాడు. పరుగెత్తుకుంటూ వచ్చాడు. సంతోషం వేసింది. వేసిందని రాయాలి, లేకపోతే తర్వాత లేదనుకుంటాను.

కానీ అతను ముందు నా కాలు చూడలేదు. మొహమూ చూడలేదు. తుపాకీ ఎక్కడుందో చూశాడు.

అది చూశాక నా సంతోషం చల్లారిపోయింది.

"ఎలుగొచ్చిందా?" చిరిగిన రెక్క చూస్తూ అడిగాడు.

వచ్చిందన్నాను. గిన్నె వాయించి తరిమానన్నాను. తూటాలు నీ జేబులో ఉన్నాయిగా అన్నాను.

అతను కోటు తడుముకున్నాడు. కనుబొమలు పైకెత్తాడు. లీకి నాటకాలు రావు, పేకాటలో కూడా మంచి ముక్క వస్తే చెవులు ఎర్రబడతాయి. "అయ్యో, మర్చేపోయా మార్నీ. కనుమ ఎక్కాక గుర్తొచ్చింది. వెనక్కొస్తే ఒక రోజు పోద్దని..." అన్నాడు. చెవులు ఎర్రగా ఉన్నాయి.

"పర్లేదులే" అన్నాను.

"ఖాళీ అని అప్పుడే చూసుకున్నావా? ఎలుగొచ్చినప్పుడే?"

"అప్పుడే."

నన్ను ఎత్తుకుని విమానం దాకా మోశాడు. ఎర్లింగ్ ఇద్దర్నీ చూసి, ఇంజను అందుకునేలా పంఖా తిప్పడానికి వెళ్లాడు.

ఆగస్టు 24

ఆసుపత్రి. పిండికట్టు. నర్సులు మంచివాళ్లు, ఎక్కువ మాట్లాడతారు.

లీ రోజూ వస్తాడు, కూర్చుంటాడు, పత్రికలోంచి వాతావరణం చదివి వినిపిస్తాడు. అతని పాదాల మీద బొబ్బలు పగిలిపోయి ఉన్నాయని నర్సు చెప్పింది. అతను చెప్పలేదు. చేతిలో గొడ్డలి తప్ప ఏమీ లేకుండా ఆ పొదల్లో నాలుగు రాత్రులు గడిపాడు. ఒక గట్టు మీద ఎలుగు అతన్ని చాలాసేపు కదలనివ్వలేదని ఎర్లింగ్ నోరుజారాడు. పాట పాడీ పాడీ గొంతు పోయిందట.

జేబునిండా తూటాలు, చేతిలో తుపాకీ లేదు. తుపాకీ తీసుకుపోయుంటే ఆ బాధే లేదు. ఎందుకు తీసుకుపోలేదు? ఏమీ లేకుండా నన్నక్కడ వదిలితే భయపడతాననుకుని, భయం పోగొట్టడానికి ఇనుము ఇచ్చి, నన్ను నా నుంచి కాపాడడానికి తూటాలు పట్టుకుపోయాడు. ఇద్దరి ప్రాణాలూ ఎలుగు ముందు పెట్టాడు, నా చేతికి మాత్రం చిక్కనివ్వలేదు.

అతను మరిచిపోలేదు. నేను ఎలుగు కోసం చూడలేదు.

రాసేశాను. చదివాను. కొట్టెయ్యలేదు.

సెప్టెంబరు 9

ఇల్లు. గోడ మీద తుపాకులు ఇంకా రాలేదు. అడగలేదు.

సెప్టెంబరు 20

అతనిది తప్పు కాదు. నాకు ఆ సంగతే మింగుడు పడడం లేదు. తప్పు చేసి ఉంటే క్షమించేదాన్ని. రోజూ ఉదయం కాఫీ ఇస్తాడు, నేను తాగుతాను, ఇద్దరం కిటికీలోంచి చెరువు చూస్తాం. ఎలుగు కథ నలుగురికీ చెబుతుంటాడు, గిన్నె వాయించిన సంగతి, తుమ్మిన సంగతి. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను. ఆ నవ్వుల మధ్య అతను నన్ను చూసే చూపు ఒకటుంది.

అక్టోబరు 6

కట్టు తీశారు. కాలు సన్నగా, తెల్లగా, ఎవరిదో అన్నట్టుంది. నడుస్తున్నాను. ఎర్లింగ్ నీళ్ల మీద దిగే తన పాత విమానం మాకిచ్చాడు, చెరువు గడ్డకట్టేదాకా ఊళ్లకి టపా తిప్పుకోమని. వచ్చే వారం నేను తిప్పుతానన్నాను. లీ సరేనన్నాడు. చాలా తొందరగా సరేనన్నాడు.

ఒక్కదాన్నే, అన్నాను.

దానికీ సరేనన్నాడు, కొంచెం ఆగి.

అక్టోబరు 13

ఉదయం ఆకాశం శుభ్రంగా ఉంది. టపా సంచులు నేనే మోసుకెళ్లి వెనక సర్దాను. తుపాకీ సీటు వెనక పెట్టాను. అగాఫియా అవ్వకి చేపలు పోయినందుకు ఒక ఉన్ని శాలువా, కాఫీ పొడి డబ్బా పెట్టుకున్నాను. నాన్న పాత కోటు వేసుకున్నాను. దాని జేబులు ఖాళీగా వేలాడుతున్నాయి.

లీ రేవు చెక్కల మీద నిలబడ్డాడు. నడిపేది నేను కాబట్టి తూటాలు నా జేబులోకి రావాలి. అవి లేకుండా విమానం లేపితే చట్టం ఊరుకోదు, నాకూ అలవాటు లేదు. చెయ్యి చాపాను. అతను కోటు జేబులో చెయ్యి పెట్టాడు. లోపల అవి గలగలమన్నాయి. తీస్తున్నాడు. నేను చూశాను, తీస్తున్నాడు.

అప్పుడు నాకు సిగ్గేసింది. నలభై నాలుగేళ్ల మనిషిని, ఒక అబద్ధం మీద చెయ్యి చాపి నిలబడ్డాను. ఈ మనిషి నా కోసం కాళ్లు పుండ్లు చేసుకున్నాడు. ఇచ్చేవాడు తెలిసి ఇవ్వాలి అనుకున్నాను. ఆ క్షణంలో అది చాలా గొప్ప ఆలోచన అనిపించింది.

"లీ, ఒక మాట" అన్నాను. "ఎలుగొచ్చినప్పుడు కాదు నేను తుపాకీ తెరిచి చూసింది. అంతకు రెండు రోజుల ముందే."

అతను చెరువు వైపు చూశాడు. "తెలుసు" అన్నాడు.

"ఎట్లా తెలుసు?"

"నిన్నక్కడ చూడగానే తెలిసింది."

"తెలిసే ఇస్తున్నావుగా, ఇవ్వు మరి."

అతని చెయ్యి జేబులోనే ఉంది. గలగల ఆగిపోయింది.

"నాకు తెలుసని నీకు తెలీనంతవరకు ఇవ్వగలననుకున్నా" అన్నాడు. "తెలీనట్టు ఉండి ఇద్దామని ఈ వారమంతా గుండె రాయి చేసుకున్నా. ఇప్పుడు నీ నోటితో విన్నాక ఈ చేత్తో ఎట్లా ఇవ్వను మార్నీ?"

ఎలుగు వచ్చినప్పుడు నేను బతకాలని అరిచానని చెప్పాను. గొంతు పోయేదాకా అరిచాను, ఆ అరుపు నీకు వినపడి ఉంటే ఈ మాట అనేవాడివి కాదు అన్నాను. ఇదంతా నేనింతవరకూ ఎవరికీ చెప్పలేదు. చెప్తుంటే ఏడుపొచ్చింది.

"అది ఎలుగొచ్చింది కాబట్టి" అన్నాడు లీ మెల్లగా. "రాకపోతే?"

రాకపోయినా అలాగే బతికేదాన్నని అబద్ధమైనా చెప్పి ఉండాల్సింది. ఇన్నాళ్లూ ఎంత బాగా చెప్పాను.

అతను నన్ను భుజం పట్టుకుని పక్కకి జరిపి, విమానం కింది దోనె మీద కాలు పెట్టి, నా సీట్లో ఎక్కి కూర్చున్నాడు. నువ్వూ రా, పక్కన కూర్చో, అవ్వని చూసొద్దాం అన్నాడు. రానన్నాను. శాలువా ఇవ్వడం మరిచిపోకని చెప్పాను. సరేనన్నాడు.

నోరు మూసుకుని ఉంటే ఈపాటికి నేను కొండ దాటి ఉండేదాన్ని.

చెక్కల మీద నేను తప్ప ఎవరూ లేరు. అతను కదలడానికి రేవు తాడు నేనే విప్పాను.